ఇంటి వీడియోలకు ఏ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్? డబ్బు కట్టకముందు చేసి చూడాల్సిన పనులు

కడపలో ఒక ఇంట్లో గృహప్రవేశం జరిగిందంటే సాయంత్రానికి నాలుగైదు ఫోన్లలో వీడియోలు పోగుపడతాయి. బాబాయి ఫోన్‌లో పాలు పొంగించడం, అత్త ఫోన్‌లో భోజనాల బంతి, పిల్లల ఫోన్‌లో నిలువుగా తీసిన డాన్సు. వీటన్నిటినీ కలిపి ఇరవై నిమిషాల వీడియో చేసుకుని టీవీలో చూడాలంటే ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి, దానికి ఎంత పెట్టాలి?

జవాబు ముందే చెప్పేస్తాం. చాలా ఇళ్లకు సాఫ్ట్‌వేర్ మీద ఒక్క రూపాయి కూడా పెట్టాల్సిన పని లేదు. పెట్టగలిగిన డబ్బేదైనా ఉంటే అది ముందు కంప్యూటర్‌లోని ర్యామ్‌కూ ఎస్ఎస్‌డీకీ (పాత హార్డ్‌డిస్కు కన్నా వేగంగా నడిచే డిస్కు) పోవాలి. కాకపోతే ఉచితం కదా అని చేతికి దొరికినదల్లా దించుకుంటే, వారం రోజులు కూర్చుని ఎడిట్ చేశాక పేరులో ఒత్తులు విడిపోయి కనిపిస్తాయి, లేదా మాట ఒక పక్క, పెదవి ఒక పక్క పోతాయి. అప్పటికి వెనక్కి పోలేం. అందుకే ముందు ఒక పూట పరీక్షకు పెట్టండి.

మొదట మీ క్లిప్పులు ఏ రకమో చూడండి

సాఫ్ట్‌వేర్ పేర్లు వెతికే ముందు మీ దగ్గరున్న సరుకు తెలియాలి. మీడియాఇన్‌ఫో అనే చిన్న ఉచిత ప్రోగ్రాం వేసుకుని, ప్రతి ఫోన్ నుంచి ఒక్కో క్లిప్పు అందులో తెరవండి. నాలుగు సంగతులు కాగితం మీద రాసుకోండి: కోడెక్ (వీడియోను కుదించే పద్ధతి) హెచ్.264నా హెచ్.265నా, సైజు 1080పీనా 4కేనా, సెకనుకు ఎన్ని ఫ్రేములు (బొమ్మలు), ఆ ఫ్రేమ్ రేటు స్థిరమా మారేదా.

హెచ్.265ను హెచ్ఈవీసీ అని కూడా అంటారు. అదే నాణ్యతకు సగం చోటే తీసుకుంటుంది, కానీ విప్పడానికి కంప్యూటర్ ఎక్కువ కష్టపడాలి. ఇంటెల్ 6వ తరం ప్రాసెసర్ల నుంచే దీన్ని విప్పే ఏర్పాటు చిప్‌లో ఉంది, 10 బిట్ రకానికైతే 7వ తరం కావాలి. అంతకన్నా పాత ల్యాప్‌టాప్‌లో హెచ్.265 క్లిప్పును టైమ్‌లైన్ (ఎడిటర్‌లో క్లిప్పులు వరుసగా పేర్చే పట్టీ) మీద పెడితే బొమ్మ నత్తనడక నడుస్తుంది. తప్పు సాఫ్ట్‌వేర్‌ది అనుకుని జనం ఒకటి తీసేసి ఇంకోటి వేస్తుంటారు. రాబోయే ఫంక్షన్‌కైనా ఫోన్ కెమెరా సెట్టింగుల్లో హెచ్.264 ఎంచుకుంటే సగం బాధ తప్పుతుంది. ఐఫోన్‌లో దీన్ని ‘మోస్ట్ కంపాటబుల్’ అంటారు.

చోటు లెక్క కూడా ఇప్పుడే వేసుకోండి. ఐఫోన్ తన సెట్టింగుల్లో చూపే అంకెల ప్రకారం సెకనుకు 30 ఫ్రేముల 1080పీ వీడియో హెచ్.264లో నిమిషానికి సుమారు 130 ఎంబీ, హెచ్.265లో 60 ఎంబీ. 4కే అయితే 350 ఎంబీ, 170 ఎంబీ. ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ కొంచెం అటూ ఇటూగా ఇంతే. మూడు గంటల పెళ్లి వీడియో 1080పీ హెచ్.264లో 180 నిమిషాలను 130తో గుణిస్తే 23 జీబీ దాటుతుంది. ఎడిటింగ్‌లో తయారయ్యే మధ్య ఫైళ్లకూ చివరి వీడియోకూ కలిపి దీనికి మూడింతలు, అంటే 70 జీబీ ఖాళీ ఉండాలి. టీవీలో చూసుకునే ఇంటి వీడియోకు 4కే అక్కర్లేదు, 1080పీ చాలు.

బంధువుల ఫోన్లలోని క్లిప్పులు వాట్సాప్‌లో మామూలుగా పంపించుకోవద్దు. వాట్సాప్ వాటిని బాగా కుదించేస్తుంది. పోయిన నాణ్యతను ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు. కేబుల్ పెట్టి కాపీ చేసుకోండి. ఊళ్లో లేని వాళ్లయితే అదే వాట్సాప్‌లో ‘డాక్యుమెంట్’గా పంపమనండి. అలా 2 జీబీ దాకా ఫైలు ఉన్నదున్నట్టే వస్తుంది.

కంప్యూటర్ ఎంత మోయగలదు

విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ పేజీలో ర్యామ్ ఎంత, డిస్కు ఎస్ఎస్‌డీనా పాత హార్డ్‌డిస్కా, గ్రాఫిక్స్ కార్డు విడిగా ఉందా లేదా అన్నీ కనిపిస్తాయి.

4 జీబీ ర్యామ్, పాత హార్డ్‌డిస్కు ఉంటే పది నిమిషాలకు మించిన వీడియో ఆ కంప్యూటర్‌లో చేయడం నరకం. ర్యామ్‌ను 8 జీబీకి పెంచి, 256 లేదా 512 జీబీ సాటా ఎస్ఎస్‌డీ వేయిస్తే అదే ల్యాప్‌టాప్ షాట్‌కట్, కెడెన్‌లైవ్ లాంటి ఉచిత ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లను హాయిగా మోస్తుంది. చాలా పాత ల్యాప్‌టాప్‌లకు ఈ మార్పు కుదురుతుంది. ర్యామ్‌ను బోర్డుకే అతికించిన పల్చటి మోడళ్లకు మాత్రం కుదరదు. కొనేముందు మోడల్ నంబరు చెప్పి అడగండి. 16 జీబీ ర్యామ్, విడి గ్రాఫిక్స్ కార్డు ఉన్నవాళ్లకు డావిన్సీ రిజాల్వ్ అనే ఇంకా బరువైన సాఫ్ట్‌వేర్ కూడా అందుబాటులోకి వస్తుంది.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. విండోస్ 11 ఎక్కని పాత యంత్రాన్ని పారేయకండి. అందులో విండోస్ బదులు లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుంటే కెడెన్‌లైవ్, షాట్‌కట్ రెండూ నడుస్తాయి.

మన ఎండల సంగతీ చెప్పుకోవాలి. వీడియో ఎక్స్‌పోర్ట్ (చివరి ఫైలుగా తయారు) అవుతున్నంతసేపూ ప్రాసెసర్ పూర్తి వేగంతో పరిగెడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో కడపలో మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటిన గదిలో, పరుపు మీద పెట్టిన ల్యాప్‌టాప్ వేడి తట్టుకోలేక తన వేగం తానే తగ్గించుకుంటుంది. 20 నిమిషాల్లో అయ్యే పని గంట పడుతుంది. గట్టి బల్ల మీద, వెనక వైపు కొంచెం ఎత్తి పెట్టి, తెల్లవారుజామున ఎక్స్‌పోర్ట్ పెట్టండి.

ఖర్చు నాలుగు రకాలు

ఒకటి, పూర్తిగా ఉచితమైన ఓపెన్ సోర్స్. షాట్‌కట్, కెడెన్‌లైవ్, ఓపెన్‌షాట్ ఈ కోవలోవి. వాటర్‌మార్క్ (వీడియో మీద కంపెనీ ముద్ర) ఉండదు, గడువు ఉండదు.

రెండు, ఒక కంపెనీ ఉచితంగా ఇచ్చి, కొన్ని పనులకు మాత్రం డబ్బు అడిగేవి. డావిన్సీ రిజాల్వ్ ఉచిత రకం సెకనుకు 60 ఫ్రేముల దాకా 4కే వీడియోను వాటర్‌మార్క్ లేకుండా ఇస్తుంది. కానీ డబ్బు కట్టి కొనే స్టూడియో రకానికే కేటాయించిన ఎఫెక్టు ఏదైనా వాడితే బొమ్మ మీద ముద్ర పడుతుంది. మైక్రోసాఫ్ట్ 2021లో కొన్న క్లిప్‌చాంప్ 1080పీ దాకా ఉచితం. అందులోని ‘ప్రీమియం’ గుర్తున్న బొమ్మలు, పాటలు వాడితేనే డబ్బు. ఫిల్మోరా లాంటివి అన్నీ చేయనిచ్చి, చివర్లో ఎక్స్‌పోర్ట్ దగ్గర వాటర్‌మార్క్ వేస్తాయి. ‘ఫ్రీ డౌన్‌లోడ్’ అన్న మాటకూ ‘ఫ్రీ ఎక్స్‌పోర్ట్’ అన్న మాటకూ చాలా దూరం ఉంది. చూసుకోవాల్సింది రెండోదే.

మూడు, నెలకో ఏడాదికో చందా. నెలకు 800 రూపాయలు అనుకుంటే ఏడాదికి 9,600, మూడేళ్లకు 28,800. ఇంట్లో ఏడాదికి మూడు నాలుగు వీడియోలు చేసుకునేవాళ్లు మధ్యలో వాడని ఎనిమిది నెలలకూ కట్టినట్టే. చందా కట్టినవాళ్లు యూపీఐ యాప్‌లో ఆటోపే పేజీ తెరిచి ఆ అనుమతి ఎప్పటిదాకా ఉందో చూసుకోండి. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ఇలాంటి చందాల డబ్బు తీసుకోవడానికి కనీసం 24 గంటల ముందు కబురు రావాలి. ఆ మెసేజ్ వచ్చిన రోజే వద్దనుకుంటే రద్దు చేయండి. సాఫ్ట్‌వేర్‌ను కంప్యూటర్‌లోంచి తీసేసినంత మాత్రాన చందా ఆగదు.

నాలుగు, ఒక్కసారి కొనేవి. ఇక్కడ షరతులు చదవాలి. ‘లైఫ్‌టైమ్’ అని రాసినవాటిలో చాలావరకు ఆ ఒక్క వెర్షన్‌కే వర్తిస్తాయి. అడోబీ ప్రీమియర్ ఎలిమెంట్స్‌ను ఒకప్పుడు కొంటే ఎప్పటికీ మనదే. 2025 ఎడిషన్ నుంచి అది మూడేళ్ల లైసెన్సు. రిజాల్వ్ స్టూడియో ధర 295 డాలర్లు, ఒక్కసారే కట్టాలి. డాలర్ల ధర చూసేటప్పుడు 18 శాతం జీఎస్టీ, విదేశీ చెల్లింపు మీద కార్డు బ్యాంకు తీసుకునే రుసుము కలిపి లెక్క వేసుకోండి.

ఐదో రకం ఒకటి ఊళ్లలో తిరుగుతూ ఉంటుంది, క్రాక్ కాపీ. పెన్‌డ్రైవ్‌లో ఎవరో ఇస్తారు, ‘ముందు యాంటీవైరస్ ఆపేయండి’ అంటారు. ఆ మాట వినగానే అక్కడే ఆగిపోవాలి. ఇలాంటి కాపీల్లో దాక్కుని వచ్చే వైరస్ ఫైళ్లన్నిటికీ తాళం వేసి డబ్బు అడిగే రకమైతే, పోయేది సాఫ్ట్‌వేర్ కాదు, పిల్లల చిన్నప్పటి ఫోటోలు. ఉచితంగా ఇంత మంచివి దొరుకుతున్నప్పుడు ఆ సాహసానికి అర్థం లేదు.

ఏవి దించుకుని చూడాలి

అన్నీ చూడక్కర్లేదు. రెండు ఎంచుకోండి.

మొదటిసారి చేసేవాళ్లకు, 8 జీబీ ర్యామ్ ఉన్నవాళ్లకు మా మొదటి ఓటు షాట్‌కట్‌కు. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింట్లోనూ నడుస్తుంది. ఇన్‌స్టాల్ చేయకుండానే వాడుకునే పోర్టబుల్ రకం కూడా ఉంది. మొదట తెరిచినప్పుడు బోసిగా కనిపిస్తుంది, దాన్ని చూసి బెదరకండి. నాలుగైదు ట్రాకులతో (టైమ్‌లైన్‌లో ఒకదాని మీద ఒకటి ఉండే వరుసలు) పెద్ద పెళ్లి వీడియో చేయాలనుకుంటే కెడెన్‌లైవ్ మేలు. క్లిప్పులను ఫోల్డర్లుగా సర్దుకోవడం, ట్రాకుల నిర్వహణ అందులో ఇంకా సౌకర్యంగా ఉంటాయి. ఓపెన్‌షాట్ నేర్చుకోవడానికి తేలిక. ప్రాజెక్టు పెద్దదయ్యే కొద్దీ బరువెక్కుతుంది కాబట్టి ఐదారు నిమిషాల వీడియోలకే దాన్ని ఉంచుకోండి.

రంగులు సరిచేయడంలో రిజాల్వ్‌కు సాటి లేదు. ఫంక్షన్ హాల్‌లో ఒక ఫోన్ పసుపుగా, ఇంకోటి నీలంగా తీసిన క్లిప్పులను ఒకేలా చేయాలంటే ఇదే. కంపెనీ అడిగేది 16 జీబీ ర్యామ్. 8 జీబీలో ప్రయత్నించి విసుగు తెచ్చుకోకండి. ఇంకొక్క మాట: లినక్స్‌లో రిజాల్వ్ ఉచిత రకం హెచ్.264, హెచ్.265 వీడియోలను తెరవదు, అంటే ఫోన్ క్లిప్పులు నేరుగా పనికిరావు. మ్యాక్ ఉన్నవాళ్లకు ఐమూవీ ఉచితం, ఇంటి పనికి అది చాలు.

కంప్యూటర్ లేనివాళ్లు ఫోన్‌లోనే వీఎన్ అనే యాప్ వాడవచ్చు. కైన్‌మాస్టర్ ఉచిత రకం వాటర్‌మార్క్ వేస్తుంది. క్యాప్‌కట్ మన దేశంలో అధికారికంగా దొరకదు. ఎక్కడో దొరికిన ఏపీకే ఫైలు ఫోన్‌లో వేసుకోవద్దు. ఐదు నిమిషాలు దాటిన వీడియోకు ఫోన్ తెర చిన్నదైపోతుంది.

స్టూడియోవాళ్లు ఎడియస్ వాడతారు కదా, మనమూ అదే నేర్చుకుందామా అని అడుగుతుంటారు. వాళ్లు నెలకు పది పెళ్లిళ్లు చేయాలి, వేగం వాళ్లకు కూడు. ఇంటి పని వేరు.

దించుకునేటప్పుడు గూగుల్‌లో పైన వచ్చే ప్రకటన నొక్కకండి. షాట్‌కట్ డాట్ ఆర్గ్, కెడెన్‌లైవ్ డాట్ ఆర్గ్ అని అడ్రసు మీరే టైప్ చేయండి.

ఒక పూట పరీక్ష

రెండు సాఫ్ట్‌వేర్లలోనూ ఇవే పనులు, ఇవే క్లిప్పులతో చేయండి. కావలసిన సరుకు: పది నిమిషాల క్లిప్పు ఒకటి, నిలువు క్లిప్పు ఒకటి, రాత్రి దీపాల వెలుగులో తీసినది ఒకటి, గాలి మోతతో తీసినది ఒకటి.

*తెలుగు అక్షరాలు.* ముందు ఇదే చూడండి, ఎందుకంటే ఇక్కడ తప్పినదాన్ని మిగతా పరీక్షలకు తీసుకుపోవడం దండగ. టైటిల్ పెట్టే చోట ఈ మాటలు కొట్టండి: లక్ష్మి, శ్రీకృష్ణ, స్త్రీ, రాష్ట్రం, స్వాతంత్ర్యం. ఒత్తులు కింద పడకుండా పొల్లులతో పక్కపక్కనే వస్తే, ఉదాహరణకు ‘లక్ష్మి’ బదులు ‘లక్‌ష్‌మి’ అని కనిపిస్తే, ఆ సాఫ్ట్‌వేర్‌కు భారతీయ లిపుల అక్షరాలను కూర్చే పద్ధతి తెలియదు. ఫాంటు మార్చినా లాభం లేదు. షాట్‌కట్, కెడెన్‌లైవ్ రెండూ క్యూటీ అనే లైబ్రరీ మీద కట్టినవి. అది అక్షరాల కూర్పు చూసుకుంటుంది కాబట్టి యూనికోడ్ (ఇప్పటి ఫోన్లూ కంప్యూటర్లూ వాడే అక్షరాల పద్ధతి) తెలుగు సరిగ్గా వస్తుంది. అడోబీ ప్రీమియర్ ప్రోలో అయితే గ్రాఫిక్స్ సెట్టింగుల్లో టెక్స్ట్ ఇంజన్‌ను ‘సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్’కు మార్చితే తప్ప ఒత్తులు కుదురుకోవు.

అక్షరాల చోట డబ్బాలు డబ్బాలుగా కనిపిస్తే అది ఫాంటు లేకపోవడం. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మల్లన్న, మండలి, సురన్న, ధూర్జటి, పెద్దన, తిమ్మన, శ్రీకృష్ణదేవరాయ లాంటి తెలుగు ఫాంట్లు ఉచితంగా ఉన్నాయి. దూరం నుంచి టీవీలో చదవాలంటే రామభద్ర లాంటి మందపాటిది తీసుకోండి. సన్నని గీతల ఫాంటు ఫోన్‌లో అందంగా ఉండి టీవీలో మాయమవుతుంది. శుభలేఖ వేసిన ప్రెస్సు నుంచి పేర్లు కాపీ చేసి అతికిస్తే ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా వస్తాయి. అవి అను ఫాంట్లలో కొట్టినవి, యూనికోడ్ కావు. మళ్లీ కొట్టుకోవడం నమ్మకమైన దారి. విండోస్‌లో తెలుగు ఫోనెటిక్ కీబోర్డు ఉంది, భాషల సెట్టింగుల్లో చేర్చుకుంటే చాలు.

మిగతావన్నీ నచ్చి, తెలుగు ఒక్కటే రాని సాఫ్ట్‌వేర్‌కు ఒక ఉపాయం ఉంది. ఇంక్‌స్కేప్ అనే ఉచిత బొమ్మల ప్రోగ్రాంలో 1920 గుణించి 1080 పిక్సెళ్ల పేజీ పెట్టి, టైటిల్ రాసి, పీఎన్‌జీగా ఎక్స్‌పోర్ట్ చేయండి. వెనక రంగు లేకుండా వస్తుంది. దాన్ని వీడియో పైన ట్రాకులో బొమ్మలా పరిస్తే సరి. నాలుగైదు టైటిళ్లకు ఇది బాగానే ఉంటుంది, అరవై పేర్లు రావాలంటే విసుగు.

*మాట, పెదవి.* ఫోన్లు చాలావరకు స్థిరమైన ఫ్రేమ్ రేటుతో తీయవు. వెలుతురు తగ్గితే 30 కాస్తా 24కు దిగుతుంది, ఫోన్ వేడెక్కితే ఫ్రేములు జారిపోతాయి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మాత్రం ప్రతి సెకనుకూ ఒకే లెక్క ఉంటుందని నమ్ముతుంది. ఆ తేడా పోగుపడి, మొదటి నిమిషంలో సరిగ్గా ఉన్న మాట పదో నిమిషానికి ముందో వెనకో పోతుంది. అందుకే పది నిమిషాల క్లిప్పు కావాలన్నాం. దాని మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి కెమెరా ముందు చప్పట్లు కొట్టించండి. రెండు చప్పట్ల దగ్గరా చేతులు కలిసిన ఫ్రేములోనే చప్పుడు రావాలి.

షాట్‌కట్ ఇలాంటి క్లిప్పు తెరవగానే తానే పసిగట్టి, ఎడిటింగ్‌కు అనువుగా మార్చమంటారా అని అడుగుతుంది. సరే అనండి. నాణ్యత మెట్లలో ‘గుడ్’ ఇంటి పనికి చాలు. పై మెట్లు ఎంచుకుంటే ఫైలు ఎన్నో రెట్లు ఉబ్బుతుంది. కెడెన్‌లైవ్‌లోనూ ఇలాంటి ఏర్పాటు ఉంది. ఇది లేని సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు ముందుగానే హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత వీడియో మార్పిడి ప్రోగ్రాంలో వీడియో పేజీకి వెళ్లి ‘కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్’ పెట్టి, నాణ్యత ఆర్ఎఫ్ 18 ఉంచి మార్చుకోవాలి.

*కోతల వేగం.* ఇరవై చోట్ల కోసి, మధ్య ముక్కలు తీసేసి ఆడించండి. బొమ్మ ఆగి ఆగి నడిస్తే ప్రాక్సీ పెట్టండి. ప్రాక్సీ అంటే ఎడిట్ చేసేటప్పుడు మాత్రమే వాడే చిన్న నకలు. ఎక్స్‌పోర్ట్ సమయానికి అసలు ఫైలే వాడుతుంది కాబట్టి నాణ్యత తగ్గదు. షాట్‌కట్‌లో సెట్టింగ్స్ మెనూలో ప్రాక్సీ వాడమని టిక్కు పెట్టాలి. ప్రాక్సీతోనూ ఆగి ఆగి నడిస్తే ఆ సాఫ్ట్‌వేర్ మీ కంప్యూటర్‌కు బరువు.

*కరెంటు పోతే.* ఐదు నిమిషాలు పని చేసి, సేవ్ చేయకుండా టాస్క్ మేనేజర్‌లోంచి సాఫ్ట్‌వేర్‌ను బలవంతంగా మూయండి. మళ్లీ తెరిస్తే ఆటోసేవ్ కాపీ ఉందని చెప్పాలి. చెప్పకపోతే మన వేసవి కోతలకు అది పనికిరాదు. ఎక్స్‌పోర్ట్ మధ్యలో కరెంటు పోతే మాత్రం ఏ సాఫ్ట్‌వేరైనా చేతులెత్తేస్తుంది. ఎంపీ4 ఫైలుకు సూచిక చివర్లో రాస్తారు. అది రాయకముందే ఆగిపోయిన ఫైలు తెరుచుకోదు, మొదటి నుంచి మళ్లీ పెట్టాలి. డెస్క్‌టాప్ వాడేవాళ్లకు యూపీఎస్ తప్పదు.

*టీవీ.* నిలువు క్లిప్పు, రాత్రి క్లిప్పు, గాలి మోత క్లిప్పు కలిసిన రెండు నిమిషాల ముక్క ఎక్స్‌పోర్ట్ చేసి పెన్‌డ్రైవ్‌లో వేసి మీ ఇంటి టీవీలోనే చూడండి. వాటర్‌మార్క్, రంగు, శబ్దం, టైటిల్ అంచులు తెగడం అన్నీ అక్కడే బయటపడతాయి. కంప్యూటర్ తెరలో చూసి సరే అనుకోవద్దు.

షాట్‌కట్‌తో మొదటి వీడియో

పరీక్షలో ఏది గెలిచినా పని వరుస ఇంచుమించు ఇదే.

1. ఎస్ఎస్‌డీలో ఒకే ఫోల్డరు పెట్టి, క్లిప్పులు, పాటలు, ఫోటోలు అన్నీ అందులోకి కాపీ చేయండి. ప్రాజెక్టు ఫైలులో వీడియో ఉండదు, ఏ ఫైలు ఎక్కడుందన్న చిట్టా మాత్రమే ఉంటుంది. పెన్‌డ్రైవ్‌లోంచే ఎడిట్ చేసి, తర్వాత దాన్ని తీసేస్తే క్లిప్పులన్నీ ‘కనిపించడం లేదు’ అంటుంది.

2. వీడియో మోడ్ ఎంచుకోండి. ఫోన్ క్లిప్పులే ఎక్కువైతే 1080పీ 30 ఫ్రేములు, స్టూడియో కెమెరావి ఎక్కువైతే 25. దీన్ని ‘ఆటోమేటిక్’గా వదిలేస్తే మొదట వేసిన క్లిప్పును బట్టి నిర్ణయమవుతుంది. ఆ మొదటిది నిలువు క్లిప్పు అయితే ప్రాజెక్టంతా నిలువుగా తయారవుతుంది.

3. క్లిప్పులను వరుసగా టైమ్‌లైన్ మీదకు లాగండి. కోయాల్సిన చోట ఎస్ మీట నొక్కితే తెగుతుంది. అక్కర్లేని ముక్క మీద ఎక్స్ నొక్కితే అది పోయి, వెనకవి ముందుకు జరుగుతాయి. జెడ్ నొక్కితే ఆ చోటు ఖాళీగా మిగులుతుంది. పాట పరిచాక ఎక్స్ వాడితే పాటకూ బొమ్మకూ పొంతన చెదురుతుంది కాబట్టి పాట చివర్లో పరచండి.

4. నిలువు క్లిప్పులకు రెండు పక్కలా నలుపు రాకుండా ‘బ్లర్ ప్యాడ్’ ఫిల్టరు వేయండి. అదే బొమ్మ మసకగా పక్కలు నింపుతుంది.

5. శబ్దం. ఆడియో మీటరు చూస్తూ మాటలు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర, గట్టిమేళం లాంటి పెద్ద చప్పుళ్లు మైనస్ 3 దాటకుండా గెయిన్ (శబ్దం పెంచే, తగ్గించే ఫిల్టరు) సర్దండి. గండికోటలో పెన్నా లోయ అంచున నిలబడి తీసిన క్లిప్పుల్లో గాలి మోతే ఎక్కువ ఉంటుంది. ‘హై పాస్’ ఫిల్టరును 120 హెర్ట్జ్ దగ్గర పెడితే బుసబుస తగ్గి మాట తేలుతుంది. మైకు గాలికి పూర్తిగా పగిలిపోయి ఉంటే ఏ ఫిల్టరూ బాగుచేయదు. ఆ ముక్క శబ్దం తీసేసి పాట వేసుకోవడమే.

6. టైటిళ్లు పెట్టి, అంచులకు అతుక్కోకుండా నాలుగు వైపులా పదో వంతు చోటు వదలండి.

హాల్లో తీసిన క్లిప్పుల్లో బొమ్మ మీద అడ్డంగా చారలు పాకుతుంటే అది దీపాల వల్ల. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి కొన్ని దీపాలు సెకనుకు వందసార్లు మిణుకుమంటాయి. ఎడిటింగ్‌లో ఇది పోదు. తీసేటప్పుడే కెమెరా ప్రో మోడ్‌లో షట్టరు 1/50 లేదా 1/100 పెట్టాలి.

బీరువాలోని పెళ్లి డీవీడీ

డీవీడీలు ముసలివైపోతున్నాయి. ఈ పని వాయిదా వేయకండి. డిస్కులోని వీడియో టీఎస్ ఫోల్డరు మొత్తం కంప్యూటర్‌లోకి కాపీ చేయండి. అందులోని వీఓబీ ఫైళ్లు 1 జీబీ చొప్పున ముక్కలై ఉంటాయి. వాటిని ఒక్కొక్కటిగా టైమ్‌లైన్ మీద వేస్తే అతుకుల దగ్గర శబ్దం తెగుతుంది. ఆ ఫోల్డరు మొత్తాన్ని హ్యాండ్‌బ్రేక్‌లో తెరిచి ఒకే ఫైలు చేసుకోండి.

ఫిల్టర్ల పేజీలో డీఇంటర్‌లేస్ తప్పనిసరి. ఆ రోజుల వీడియోలో ఒక్కో ఫ్రేము సరి గీతలు, బేసి గీతలు అని రెండు భాగాలుగా ఉండేది. దాన్ని అలాగే ఇప్పటి తెర మీద వేస్తే కదిలే చేతుల అంచులు దువ్వెన పళ్లలా చీలి కనిపిస్తాయి. ‘యాడిఫ్’ ఎంచి ‘బాబ్’ పెడితే 25కు బదులు 50 ఫ్రేములు వచ్చి కదలిక మెత్తగా ఉంటుంది. షాట్‌కట్‌లో నేరుగా వాడేవాళ్లు క్లిప్పు ప్రాపర్టీస్‌లో స్కాన్ మోడ్ ‘ఇంటర్‌లేస్‌డ్’ అని ఉందో లేదో చూడండి. ‘ప్రోగ్రెసివ్’ అని తప్పుగా పడితే దువ్వెన పళ్లు అలాగే మిగులుతాయి.

మన దగ్గరి డీవీడీ బొమ్మ 720 గుణించి 576. అది 4:3 నిష్పత్తిలో ఉంటే పక్కల నలుపు ఉండనివ్వండి. తెర నిండాలని సాగదీస్తే పెళ్లికూతురు బొద్దుగా కనిపిస్తుంది.

ఎక్స్‌పోర్ట్, పెన్‌డ్రైవ్

షాట్‌కట్ ఎక్స్‌పోర్ట్‌లో యూట్యూబ్ ప్రీసెట్ ఎంచితే హెచ్.264 వీడియో, ఏఏసీ శబ్దంతో ఎంపీ4 వస్తుంది. దాదాపు ప్రతి టీవీ దీన్ని ఆడిస్తుంది. హెచ్.265 ఎంచకండి, బంధువుల ఇంట్లో పాత టీవీ తెల్లముఖం వేస్తుంది. అడ్వాన్స్‌డ్ నొక్కి, కోడెక్ పేజీలో ‘యావరేజ్ బిట్‌రేట్’ (సెకనుకు ఎంత డేటా) ఎంచి 8 మెగాబిట్లు పెట్టండి. అలా అయితే నిమిషానికి 60 ఎంబీ, గంటకు 3.6 జీబీ, శబ్దం కలిపి 3.7 అవుతుంది. ఈ అంకె ఊరికే చెప్పడం లేదు. ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో 4 జీబీ దాటిన ఒక్క ఫైలు పట్టదు. 32 జీబీ పెన్‌డ్రైవ్ ఖాళీగా ఉన్నా ‘ఫైలు చాలా పెద్దది’ అని తిప్పికొడుతుంది. ఎక్స్‌ఫ్యాట్‌కు మార్చితే పడుతుంది కానీ కొన్ని పాత టీవీలు ఎక్స్‌ఫ్యాట్‌ను చదవవు. గంట దాటే పెళ్లి వీడియోను స్నాతకం, తలంబ్రాలు, అప్పగింతలు అని ముక్కలు చేసి ఇవ్వడమే మేలు. చూసేవాళ్లకూ కావలసిన చోటు దొరుకుతుంది.

‘హార్డ్‌వేర్ ఎన్‌కోడర్’ టిక్కు పెడితే పని త్వరగా అవుతుంది. అదే బిట్‌రేటుకు నాణ్యత రవ్వంత తగ్గుతుంది. బంధువులకు పంపే కాపీకి పెట్టుకోండి, దాచుకునే కాపీకి తీసేయండి. సినిమా పాట వేసిన వీడియోను యూట్యూబ్‌లో పెడితే హక్కుదారుల క్లెయిము పడవచ్చు. అక్కడ పెట్టేదానికి యూట్యూబ్ ఆడియో లైబ్రరీలోని సంగీతం వాడి వేరే కాపీ చేయండి.

ఎప్పుడు డబ్బు కట్టాలి

నాలుగైదు వీడియోలు పూర్తయ్యాక, ఫలానా పని ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కావడం లేదని మీరు వేలు పెట్టి చూపగలిగితే అప్పుడు కట్టండి. రాత్రి జాతర వీడియోల్లో గింజలు గింజలుగా వచ్చే మచ్చలను తీయడం అలాంటి పని. రిజాల్వ్ స్టూడియోలోని నాయిస్ రిడక్షన్ ఉచిత రకంలో లేదు. ‘ఎఫెక్టులు ఎక్కువున్నాయి’ అన్నది కారణం కాదు. ఇంటి వీడియోకు కోత, మెల్లగా కలిసే డిజాల్వ్, టైటిల్ కన్నా పెద్దగా అక్కర్లేదు.

కట్టే ముందు ట్రయల్‌లో పై ఐదు పరీక్షలూ మళ్లీ చేయండి. ట్రయల్ కోసం కార్డు వివరాలు అడిగితే గడువు తేదీకి రెండు రోజుల ముందు ఫోన్‌లో అలారం పెట్టుకోండి.

పని అయిపోయాక చివరి ఎంపీ4, అసలు క్లిప్పులు, ప్రాజెక్టు ఫైలు, వాడిన ఫాంట్లు ఒకే ఫోల్డరులో ఉంచి, దాన్ని రెండు వేర్వేరు హార్డ్‌డిస్కుల్లో వేయండి. ఒకటి మీ ఇంట్లో, రెండోది అన్నగారింట్లోనో అక్కగారింట్లోనో. ప్రాక్సీ ఫైళ్లు మాత్రం తీసేయవచ్చు, కావాలంటే మళ్లీ తయారవుతాయి.